దాలమ్మ కుడిచెయ్యి

అనగనగనగా, మన తాతలకు తాతలు ఇంకా ఉయ్యాల కూడా ఎక్కని కాలంలో, వెదురుకోట అని ఒక ఊరు ఉండేది. ఆ ఊరిని కుంజరవర్మ అనే రాజు ఏలేవాడు. మంచివాడే. కాకపోతే చట్టం అంటే చట్టం, గీత అంటే గీత అనే రకం.

అయితే ఈ కథ రాజుది కాదు, కోటదీ కాదు. ఒక చేతిది. నవ్వకండి! మన తెలుగువాళ్ళం చేతికి అప్పజెప్పినన్ని పనులు ఒంట్లో మరే భాగానికైనా అప్పజెప్పామా? దాతను చూస్తే ఆయన చేతికి ఎముక లేదంటాం. పిసినారిని చూస్తే ఎంగిలిచేత్తో కాకిని కూడా తోలడంటాం. పనిలో ఆరితేరితే చెయ్యి తిరిగినవాడు. మందు పనిచేస్తే వైద్యుడి హస్తవాసి. వస్తువు మాయమైతే ఎవడిదో చేతివాటం. మాట ఇచ్చేటప్పుడు చేతిలో చెయ్యి వేస్తాం, ఆ మాట తప్పితే చెయ్యిచ్చాడని తిడతాం. కోపం వస్తే చెయ్యి చేసుకుంటాం. చేతకాకపోతే చేతులెత్తేస్తాం. అన్నిటికీ అదే చెయ్యి, అవే ఐదు వేళ్ళు!

సరే, కథలోకి వద్దాం. లేకపోతే నేనిలా చెబుతూనే ఉంటాను, మీరు నిద్రపోతారు.

వెదురుకోట నడిమధ్యలో కోటమ్మ తల్లి గుడి ఉండేది. ఆ తల్లి కుడిచేతికి బంగారు తొడుగు ఒకటి ఉండేది. అభయహస్తం అనేవారు దాన్ని. బెత్తెడు పొడుగు, మొగలిరేకంత పలచన. ఏడాదికి ఒక్కసారి, జాతర నాడు మాత్రమే దాన్ని తల్లికి తొడిగేవారు. మిగతా రోజులన్నీ గుడి గదిలో, పెట్టెలో ఉండేది. ఆ గది తాళంచెవులు ముగ్గురి దగ్గర ఉండేవి: పూజారి సోమయాజి, కావలివాడు బంగారప్ప, భాండారి గరుడప్ప. భాండారి అంటే గుడిలోని బియ్యం, బెల్లం, నెయ్యి, నగ అన్నీ చూసుకునే పెద్ద ఉద్యోగి.

కోట బయట, పశువుల దొడ్ల పక్కన, దాలమ్మ అని ఒకావిడ ఉండేది. పిడకలు కొట్టడం ఆవిడ పని. గుడి వంటశాలకు పిడకలన్నీ ఆవిడే ఇచ్చేది. పేడలో ఊక కలిపి, ముద్ద చేసి, అరచేత్తో గోడకు చరిచిందంటే అది పున్నమి చంద్రుడిలా గుండ్రంగా అతుక్కోవాల్సిందే. గోడ నిండా ఆవిడ కుడిచేతి ఐదు వేళ్ళు వరసగా కనిపించేవి. నలభై ఏళ్ళలో ఆవిడ పిడక ఒక్కటి కూడా వెనక్కి రాలేదు.

అలాంటిది, జాతరకు ముందురోజు సాయంత్రం వంటశాల వెనక గుమ్మం దగ్గర పది పిడకలు పేర్చి ఉన్నాయి. రాజుకోని పిడకల్ని అక్కడ పెడితే తెచ్చినవాళ్ళు తీసుకుపోవాలి. అది అక్కడి పద్ధతి. ఎవరు పెట్టారో ఎవరూ చూడలేదు.

దాలమ్మ మొహం మాడిపోయింది. గంపలో వేసుకుని ఇంటికి తెచ్చుకుంది. ఆ రాత్రంతా అదే దిగులు.

తెల్లవారగానే గంప ముందు కూచుంది. "అత్తా, నా పిడకలు రాజుకోవట్లేదంట. ఏం లోపమో చూడాలి" అంది.

అత్త గైరమ్మకు చూపు సరిగా ఆనదు గాని నోరు మాత్రం బాగానే ఆడుతుంది. "లోపం పిడకల్లో ఉండదే. ఆ వంటవాళ్ళ ఊపిరిలో ఉంటుంది. ఊదడానికి కూడా బద్ధకం వెధవలకి" అంది.

దాలమ్మ ఒక్కొక్క పిడక చేతిలోకి తీసుకుంది. ఒకటి. రెండు. మూడు. అన్నీ బాగానే ఉన్నాయి. ఏడో పిడక పట్టుకోగానే చెయ్యి ఆగిపోయింది. బరువు. ఎండిన పిడక ఇంత బరువు ఉండదే!

మోకాలికి కొట్టి విరిచింది. నాలుగు ముక్కలైంది. లోపల బంగారం తళుక్కుమంది.

అభయహస్తం!

ఇంకొకరైతే ఏం చేసేవారో నాకు తెలియదు. ఆవిడ మాత్రం దాన్ని కొంగులో కట్టుకుని, "అత్తా, ఇప్పుడే వస్తా" అని కోట వైపు పరుగెత్తింది.

అప్పటికే గుడిలో పెట్టె తెరిచారు. ఖాళీ. కోట తలుపులు మూసేశారు. లోపలివాళ్ళను బయటికి వదలడం లేదు, మూటలన్నీ వెతుకుతున్నారు. దాలమ్మ తలుపు బాదింది. "తల్లి చెయ్యి నా దగ్గరుంది, తలుపు తియ్యండి!" అని అరిచింది.

పాపం, అదే ఆవిడ కొంప ముంచింది.

*

గుడి ముంగిట్లో జనం కిక్కిరిసిపోయారు. రాజు రాతి అరుగు మీద కూచున్నాడు. దాలమ్మ కొంగు ముడి విప్పి అభయహస్తాన్ని రాజు ముందు పెట్టింది. జరిగింది జరిగినట్టు చెప్పింది.

రాజు నోరు తెరిచేలోపే భాండారి గరుడప్ప ముందుకొచ్చాడు. పట్టుపంచె, పట్టు ఉత్తరీయం, ఎడమచేతి ఉంగరపు వేలికి ఎర్రరాయి ఉంగరం. వేలు లావెక్కి ఆ ఉంగరం, రాయి అరచేతివైపు తిరిగిపోయి, ఎప్పుడో ఇరుక్కుపోయింది.

"మహారాజా, ఒక్క మాట. సొత్తు ఎక్కడ దొరికింది? పిడకలో. పిడకలు చేసేది ఎవరు? ఈవిడ. రోజూ గంప పట్టుకుని కోటలోకి వచ్చిపోయేది ఎవరు? ఈవిడ. తలుపులు మూసేసరికి భయపడి, దొరికిందని నాటకం ఆడుతోంది."

జనంలో గుసగుసలు మొదలయ్యాయి. "నలభై ఏళ్ళ చెయ్యి తిరిగిన మనిషి కదరా" అన్నాడొకడు. "తిరిగింది, తిరిగి తిరిగి తల్లి పెట్టెలోకి పోయింది" అన్నాడు ఇంకొకడు. నిన్న ఆవిడ పెట్టిన జున్ను తిన్నవాడే ఆ మాట అన్నది!

"మారాజా, నేనే దొంగనైతే నా కాళ్ళతో నేనే ఎందుకొస్తాను?" అంది దాలమ్మ.

"భయం వల్ల" అన్నాడు గరుడప్ప.

రాజు అభయహస్తాన్ని పూజారి చేతికిచ్చాడు. తర్వాత లేచాడు. "తల్లి సొత్తు ముట్టిన చెయ్యి ఉండకూడదని మా తాతగారు శాసనం రాయించారు. ఈ సాయంత్రం ధ్వజస్తంభం నీడ చేతులు నరికే దుంగను తాకేసరికి శిక్ష జరగాలి. అయితే అదే శాసనంలో ఇంకో మాట కూడా ఉంది. చెయ్యి పోయేవాళ్ళకు మూడుసార్లు చెయ్యి చాచే హక్కు ఉంది. తమ శిక్ష తప్పించమని తప్ప ఏమైనా అడగవచ్చు. మేము కాదనకూడదు."

తలారి గుడి ముంగిట్లోకి చింతదుంగ దొర్లించుకొచ్చాడు. కత్తి నూరడం మొదలుపెట్టాడు. సర్ర్... సర్ర్... ఆ చప్పుడు వింటుంటే పిల్లలు తల్లుల కొంగుల్లో మొహాలు దాచుకున్నారు. ధ్వజస్తంభం నీడ దుంగకు ఇంకా నాలుగు మూరల దూరంలో ఉంది.

దాలమ్మ తన కుడిచెయ్యి చూసుకుంది. ఆ చేత్తోనే పిడక కొట్టాలి. ఆ చేత్తోనే చూపు ఆనని అత్తకు ముద్ద కలిపి పెట్టాలి. అది పోతే ఇంట్లో ఇద్దరూ పస్తే.

ఏడవలేదు. చెయ్యి చాచింది.

"మారాజా, మొదటిది. మా ఇంట్లో పొయ్యి పక్కన విరిచిన పిడక ముక్కలు నాలుగున్నాయి. అవి తెప్పించండి."

గరుడప్ప పకపకా నవ్వాడు. "పేడ ముక్కలట! దక్కిన మూడు కోరికల్లో ఒకటి పేడకు పోయింది."

రాజు సైగ చేశాడు. ఇద్దరు భటులు గుర్రాలెక్కి దౌడు తీశారు.

*

అక్కడ ఏం జరుగుతోందో తెలుసా? గైరమ్మకు ఆకలేసింది. కోడలు రాలేదు. తడుముకుంటూ పొయ్యి దగ్గరికి వచ్చి, చేతికి తగిలిన పిడక ముక్క ఒకటి పొయ్యిలో పెట్టి నిప్పు రాజేసింది. రెండో ముక్క చేతిలోకి తీసుకుంది.

"ఆగవమ్మా! పెట్టకు!" అని భటులు గుమ్మంలోంచే కేక వేశారు.

గైరమ్మ ఉలిక్కిపడి కోపం తెచ్చుకుంది. "ఎవర్రా మీరు? జావ కాచుకునే ముసిలిదాని పొయ్యి మీదికి గుర్రాలేసుకొచ్చారా! ఈ పేడముక్క కూడా పన్నులోకి వస్తుందా?"

"దీని మీదే నీ కోడలి చెయ్యి ఆధారపడి ఉంది అవ్వా!"

ముసలావిడ చేతిలోని ముక్క జారిపోయింది. భటుడు అది నేల తాకకుండా పట్టుకున్నాడు. పొయ్యిలోది అప్పటికే బూడిద. మిగిలినవి మూడు. "నన్ను కూడా ఎక్కించుకోండి నాయనా" అని గైరమ్మ ఆ భటుడి చెయ్యి పట్టుకుంది, వదల్లేదు. ఏం చేస్తాడు, గుర్రం మీద ఎక్కించుకున్నాడు.

వాళ్ళు గుడికి చేరేసరికి నీడ దుంగకు రెండు మూరల దూరంలో ఉంది.

దాలమ్మ మూడు ముక్కలూ నేల మీద అతికించినట్టు పేర్చింది. ముందు వెనకవైపు చూసింది. "మారాజా, ఇది నేను కొట్టింది కాదు. ఇందులో ఊక లేదు. వెనక గోడ గరుకు లేదు, చాప అల్లిక ఉంది. దీన్ని ఎవరో చాప మీద ఆరబెట్టారు."

"దొంగపనికి వేరే రకంగా చేసి ఉంటావు" అన్నాడు గరుడప్ప. "ఊక మానేయడం, చాప పరచడం ఎవరికి రాదు?"

రాజు తల ఊపాడు. "అతను అన్నదీ నిజమే."

జనం నిట్టూర్చారు. దాలమ్మ ముక్కల్ని తిప్పి ముందువైపు చూసింది. చిటికెనవేలు ఉండాల్సిన చోటు పొయ్యిలో కాలిపోయింది. బొటనవేలు మిగిలింది. మిగతా వేళ్ళు మిగిలాయి. ఒక్క క్షణం తదేకంగా చూసి, చటుక్కున వాటి మీద కొంగు కప్పేసింది.

"ఏం కనిపించింది?" అన్నాడు గరుడప్ప. ఒక అడుగు ముందుకు వేశాడు.

"నాకు కనిపించాల్సింది కనిపించింది బాబూ."

మళ్ళీ చెయ్యి చాచింది. "మారాజా, రెండోది. తాజా పేడ ఒక గంప, ఊక ఒక చేట తెప్పించండి. తాళాలున్న ముగ్గురు అయ్యలూ ఇక్కడే, అందరి ఎదుటా, తలా ఒక పిడక కొట్టాలి."

ముంగిలంతా గొల్లుమంది. గరుడప్ప మొహం కందగడ్డ అయింది. "భాండారి పేడ పిసకాలా? మహారాజా, ఇదేం పరాచికం!"

"శాసనం. కాదనకూడదు" అన్నాడు రాజు. గీత అంటే గీత అన్నాను కదా!

మొదట పూజారి సోమయాజి వచ్చాడు. ఉత్తరీయం నడుముకు చుట్టుకున్నాడు. "గోమయమే కదమ్మా, రోజూ దీనితోనే కదా గుడి అలికేది" అంటూ కుడిచెయ్యి గంపలో పెట్టాడు. పిడక కొట్టాడు. అది పిడకలా లేదు, చితికిన జాంగ్రీలా ఉంది. జనం నవ్వారు. ఆయనా నవ్వాడు.

తర్వాత కావలివాడు బంగారప్ప. "మా అమ్మ చూస్తే మురిసిపోయేది" అంటూ ఊక కలిపి, కుడిచేత్తో ఫట్‌మని ఒక్క చరుపు చరిచాడు. చక్కగా కుదిరింది. "పెళ్ళానికి చెప్పకండర్రా, ఇంట్లో కూడా చేయిస్తుంది" అన్నాడు.

నీడకూ దుంగకూ మధ్య ఇంకొక జానెడే. తలారి కత్తి నూరడం ఆపి, అంచు మీద బొటనవేలు పెట్టి చూసుకుంటున్నాడు.

ఇక గరుడప్ప వంతు.

వాడు తెలివైనవాడు. ఊక లేదనే కదా ఆవిడ తప్పు పట్టింది? అందుకే చేటలోంచి దండిగా ఊక వేశాడు. చాప అంది కదా? అందుకే నేరుగా గోడ దగ్గరికి నడిచాడు. ఆవిడ పట్టుకోగల తప్పులన్నీ దిద్దుకున్నాననుకున్నాడు. ముక్కు చిట్లించుకుంటూ వంగి, ముద్ద తీసి, గోడకు చరిచాడు. అందరికంటే అందంగా వచ్చింది!

దాలమ్మ ఆ పిడకను చూడలేదు. వాడి చేతినే చూసింది.

"బాబూ, మీరు అన్నం ఏ చేత్తో తింటారు?"

"ఏ చేత్తో ఏమిటి? కుడిచేత్తోనే!"

"రాత ఏ చేత్తో రాస్తారు?"

"కుడిచేత్తో."

"మరి ఇదెందుకు ఎడమచేత్తో కొట్టారు?"

"ఛీ!" అన్నాడు గరుడప్ప. "అన్నం తినే చేత్తో పేడ ముట్టుకుంటానా? అసలు పుట్టి బుద్ధెరిగాక ఈ మురికి ముట్టలేదు నేను."

ముంగిట్లో ఉన్న ఆడవాళ్ళందరూ ఒక్కసారిగా చెవులు మూసుకున్నారు. గైరమ్మ మాత్రం ఊరుకోలేదు. "మురికా! ఓరి నీ నోట్లో మన్ను పడ! పేడంటే లక్ష్మిరా! లక్ష్మిని ఎడమచేత్తో తాకుతారా ఎవరైనా?"

దాలమ్మ మెల్లగా కొంగు తీసింది.

"మారాజా, చూడండి. ఈ ముక్కల మీద బొటనవేలు ఏ పక్కన ఉంది? ఇది ఎడమచెయ్యి. మా పల్లెలో పసిపిల్లకు కూడా పేడ ముట్టాలంటే కుడిచెయ్యే వస్తుంది. పూజారి గారికి అదే వచ్చింది, కావలి అన్నకు అదే వచ్చింది. లక్ష్మిని మురికి అనుకున్నవాడికే ఎడమచెయ్యి వస్తుంది."

"ఊళ్ళో ఎడమచేతివాటం వాళ్ళు లేరా?" గరుడప్ప గట్టిగానే అన్నాడు. కాని ఎడమచెయ్యి ఉత్తరీయంలో దాచుకుంటున్నాడు.

"ఉన్నారు బాబూ. అందుకే ఇంకోటి చూపిస్తా." ఆవిడ ముక్కల్ని ఎత్తి, గోడ మీద పచ్చిగా ఉన్న గరుడప్ప పిడక పక్కన పెట్టింది. అక్కడ బొటనవేలు, ఇక్కడ బొటనవేలు. అక్కడ ఉంగరపు వేలు మొదట్లో పప్పుగింజంత గుంట. ఇక్కడా అదే వేలు మొదట్లో, అదే పప్పుగింజంత గుంట.

ఎర్రరాయి ఉంగరం గుర్తు!

రాజు అరుగు దిగి వచ్చాడు. "గరుడప్పా, చెయ్యి చూపించు."

గరుడప్ప ఉత్తరీయంలోంచి చెయ్యి తీశాడు. రాజు దాన్ని పట్టుకుని ముక్క మీది గుర్తుకు ఆనించాడు. ఆ గుంటలో ఉంగరపు రాయి అచ్చంగా ఇమిడిపోయింది. వాడు అక్కడే కూలబడ్డాడు. పది రోజుల కిందటే పెట్టెలోంచి తీశాననీ, పిడకలో పెట్టి చాప మీద ఆరబెట్టాననీ, రాజుకోనివన్నట్టు మంచి పిడకలతో కలిపి గుమ్మం దగ్గర పెట్టి, దాలమ్మ గంపలో కోట దాటించి, మర్నాడు వెళ్ళి ఆవిడ కుప్పలోంచి తీసుకుందామనుకున్నాననీ చెప్పాడు. పొద్దున్నే తలుపులు మూసేస్తారనుకోలేదు పాపం. నలభై ఏళ్ళలో మొదటిసారి వెనక్కి వచ్చిన పిడకలు ఆవిడ మనసుకు ముల్లులా గుచ్చుకుంటాయనీ, ఒక్కొక్కటీ చేతిలోకి తీసి చూస్తుందనీ అసలే అనుకోలేదు.

సరిగ్గా అప్పుడే నీడ దుంగను తాకింది.

"తలారీ!" అన్నాడు రాజు. అతని గొంతు రాయిలా ఉంది. "వాణ్ణి దుంగ దగ్గరికి లాక్కురా."

ఇద్దరు భటులు గరుడప్ప ఎడమచెయ్యి పట్టుకుని దుంగ మీద పెట్టారు. వాడు కేక వేయలేదు. కళ్ళు మూసుకున్నాడు. తలారి కత్తి ఎత్తాడు.

"మారాజా!" దాలమ్మ దుంగకూ కత్తికీ మధ్య తన కుడిచెయ్యి చాచింది. "నాకింకొకటి మిగిలింది. మూడోది."

తలారి చెయ్యి గాలిలో ఆగిపోయింది.

"అడుగు" అన్నాడు రాజు.

"ఆ చెయ్యి కొట్టొద్దు. నాకియ్యండి."

"చెయ్యి నీకియ్యడం ఏమిటి?"

"ఒక ఏడాది ఈ బాబు నా దగ్గర పిడకలు కొట్టాలి. కుడిచేత్తో. పొద్దుటి నుంచి నా చెయ్యి పోతుందని ఎంత వణికానో నాకే తెలుసు మారాజా. ఆ వణుకు ఇంకొకరికి ఎందుకు? నరికేస్తే దొంగచెయ్యి పోతుంది, అంతే. పని నేర్పితే మంచిచెయ్యి మిగులుతుంది కదా."

గైరమ్మ గొణిగింది, "ఏడాది చాలదు. వీడి పొగరుకి రెండేళ్ళు పడుతుంది."

రాజు గుడి వైపు చూశాడు. పూజారి అప్పుడే అభయహస్తాన్ని తల్లికి తొడుగుతున్నాడు. సాయంకాలపు ఎండలో ఆ బంగారు చెయ్యి మెరిసింది. కొట్టడానికి ఎత్తిన చెయ్యి కాదది. భయపడకు అని చెప్పడానికి ఎత్తిన చెయ్యి. ఇన్నేళ్ళుగా ఆ చెయ్యి ముందే తాము చేతులు నరుకుతున్నామని రాజుకు అప్పుడు తట్టింది. సిగ్గుతో తల వంచుకున్నాడు.

"మా తాతగారి శాసనాన్ని ఈ రోజుతో చెరిపేయండి" అన్నాడు.

"మరి ఈ దుంగ?" అన్నాడు తలారి. కత్తి ఏం చేయాలో తెలియక చంకలో పెట్టుకున్నాడు పాపం.

"వంటశాలకు పంపు."

ఆ రాత్రి జాతర వంటకు ఆ చింతదుంగనే చీల్చి పొయ్యిలో పెట్టారు. దాని కింద దాలమ్మ పిడకలు పెట్టారు. ఒక్క ఊదుకే రాజుకున్నాయి. గైరమ్మకు మొదటి ముద్ద దాలమ్మే కలిపి పెట్టింది, తన కుడిచేత్తో.

ఇక గరుడప్ప సంగతంటారా? మొదటి నెలంతా ముక్కు మూసుకునే కొట్టాడు. రెండో నెలకు ముక్కు వదిలేశాడు. ఏడాది తిరిగేసరికి ఊళ్ళోవాళ్ళు గోడ మీద వాడి పిడకనూ దాలమ్మ పిడకనూ పోల్చుకోలేక తికమకపడ్డారు. దాలమ్మ మాత్రం వేలు పెట్టి చూపించేది, ఇది అతనిది, ఇది నాది అని.

నోటికి ఎన్ని అబద్ధాలైనా నేర్పవచ్చు గాని చేతికి ఒక్కటి కూడా నేర్పలేం. చేసినవాడి గుర్తు చేసిన పనిలోనే ఉంటుంది.